పంచాయతీ ట్రాక్టరుకు ఆయిలు మీటరు

2019 సెప్టెంబరులో ఆరంభమైన పల్లెప్రగతి మూలమున జగిత్యాల, కోరుట్ల ప్రాంతపు గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు సమకూరినవి. ఆయిలు పీడనమును తెలుపుటకు ఎర్రదీపము మాత్రమే గల బండియందు, దీపము వెలుగునప్పటికే పీడనము మిక్కిలి పడిపోయి యుండును. బేరింగులు చెడుటకు ఆ కొద్ది నిమిషములే చాలును. ముల్లుగల మీటరైనచో పీడనము క్రమముగా తగ్గుట ముందే కనిపించును.

ఇంజను చల్లారిన పిమ్మట బ్యాటరీ నెగటివు తీగ విప్పవలెను. బ్లాకునకు గల ఆయిలు స్విచ్చిని తీసి, అచ్చట టీ-ముక్క బిగించి, ఒకవైపు పాత స్విచ్చిని, రెండవవైపు మీటరు సెన్సరును అమర్చవలెను. ఎర్రదీపమును తొలగింపరాదని మా సలహా. మరల కొలత సరిపోనిదే బలవంతముగా త్రిప్పరాదు; బ్లాకు మర చెడినచో ఆ ఖర్చు ముందు మీటరు వెల యెంత? తీగలు పొగగొట్టమునకు దూరముగా నుండవలెను. వారంటీ గడువు తీరని బండికి డీలరు నడుగక ఈ పని తలపెట్టరాదు. అమర్చిన నాటినుండి ముల్లు నిలుచు చోటును డ్రైవరు ప్రతి ఉదయము పుస్తకమున వ్రాయవలెను.