పాత తెరచాప పడవను పరీక్షించుట

పూర్వపు వరంగల్లు జిల్లాలోనిదై, 2016 నుండి జనగామ జిల్లాలో చేరిన పాలకుర్తి సముద్రానికి చాలా దూరాన ఉన్నది. అక్కడ తెరచాప పడవను చూచినవారు అరుదు. కాని నీటిలో మునిగి పనిచేసే యంత్రం అక్కడి రైతుకు కొత్త కాదు. బోరుబావిలో దించిన మోటారులో నీరు చేరరాని చోటికి చేరినచో తీగచుట్ట కాలిపోతుంది, పైరు ఎండిపోతుంది. అందుచేత పాత మోటారును కొనే రైతు పైరంగును చూచి మోసపోడు. సీలు ఎట్లా ఉన్నదో అడుగుతాడు. సముద్రయానానికి పాత పడవను కొనేవాడు అడగవలసినదీ దాదాపు ఇదే ప్రశ్న. తేడా ఒక్కటే: ఇక్కడ ప్రమాదం పైరుకు గాక ప్రాణానికి.

తెలుగువారికి ఈ పడవలతో సంబంధం లేకపోలేదు. హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌లో చిన్న తెరచాప పడవల పందేలు జరుగుతూ ఉంటాయి. 2017 సెప్టెంబరులో గోవా నుండి బయలుదేరి 2018 మే నెలలో భూప్రదక్షిణం ముగించిన నౌకాదళపు ‘తారిణి’ పడవలోని ఆరుగురు మహిళలలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య ఉన్నారు. తారిణి పొడవు సుమారు 17 మీటర్లు. అది కొత్త పడవే. అయినా తిరుగుప్రయాణంలో చుక్కాని యంత్రం చెడిపోగా మారిషస్‌లో ఆగవలసి వచ్చింది. కొత్తదాని సంగతే ఇట్లా ఉండగా, పాతదాని విషయంలో ఎంత జాగ్రత్త కావలెనో ఊహించవచ్చు.

దూరప్రయాణపు పడవకు గాలే ప్రధానబలం. అయితే గాలి పడిపోయినప్పుడు, రేవులోనికి ప్రవేశించునప్పుడు చిన్న డీజిల్ ఇంజను అవసరమవుతుంది. పాత పద్ధతిలో ఇంజను నుండి పొడవైన ఇరుసు ఏటవాలుగా పడవ వెనుకకు పోయి పంఖాను తిప్పుతుంది. 1970ల నుండి ప్రచారంలోనికి వచ్చిన ‘సెయిల్‌డ్రైవ్’ అనే ఏర్పాటులో ఇంజను నుండి ఒక లోహపు కాలు పడవ అడుగును చీల్చుకొని నేరుగా నీటిలోనికి దిగుతుంది. ఇంజను తిప్పే బలం పండ్లచక్రాల సాయంతో ఒకసారి క్రిందికి, మరల ఒకసారి వెనుకకు మళ్లి పంఖాను చేరుతుంది. దీనివలన అదురు తక్కువ, స్థలం కలిసివస్తుంది. కాని పడవ అడుగున పెద్ద రంధ్రం తప్పదు.

ఆ రంధ్రాన్ని మూసి ఉంచేది దళసరి రబ్బరుపొర. రబ్బరు ఏండ్లు గడచిన కొద్దీ గట్టిపడి పగులుతుంది; నూనె తగిలితే ఉబ్బి చెడుతుంది. వోల్వో పెంటా సంస్థ దానిని ఏడేండ్లకొకసారి మార్చవలెనని చెబుతుంది. పొర పగిలితే ఏమగునో చిన్న లెక్క వేసి చూడవచ్చు. నీటిమట్టానికి 40 సెంటీమీటర్ల దిగువన 5 సెంటీమీటర్ల వ్యాసంగల రంధ్రం పడినచో నిమిషానికి సుమారు 200 లీటర్లు, గంటకు దాదాపు 12 వేల లీటర్లు లోనికి వస్తాయి. కావున పొరను ఎప్పుడు మార్చినదీ తెలిపే రసీదును అమ్మేవానిని అడగవలెను. ‘మొన్ననే మార్చాము’ అన్న మాట చాలదు. పొరను మార్చుటకు తరచుగా ఇంజనును కదపవలసి ఉంటుంది. రసీదు లేనిచో ఆ ఖర్చును ధరలో తగ్గించి లెక్కించవలెను.

ఇక లోహపు కాలు. ఇది సాధారణంగా అల్యూమినియం మిశ్రమంతో చేసినది. పంఖా చాలావరకు కంచుది. రెండు వేరువేరు లోహాలను తీగతో కలిపి ఉప్పునీటిలో ముంచితే విద్యుత్ ఘటం తయారవుతుందని మనకు తెలుసు. సముద్రపు నీరే ఇక్కడ ఉప్పునీరు. కంచుకంటె చురుకైన అల్యూమినియం కరగిపోతుంది. దానిని కాపాడుటకు ఇంకా చురుకైన లోహపు కడ్డీని, సాధారణంగా యశదాన్ని, అంటే జింకును, తగిలిస్తారు. తాను కరగి కాలును రక్షిస్తుంది కనుక దీనిని బలిలోహం అనవచ్చు.

ఇక్కడ పాఠకునికి ఒక సందేహం రావచ్చు. పాఠ్యపుస్తకపు పట్టికలో యశదంకంటె అల్యూమినియమే చురుకైనది గదా! నిజమే. కాని అల్యూమినియం పైన గట్టి ఆక్సైడు పొర ఏర్పడి దాని చురుకుదనాన్ని అణచివేస్తుంది. అందువలన సముద్రంలో యశదమే ముందుగా కరగుతుంది. ఈ ఉపాయం పాతదే. 1824లో సర్ హంఫ్రీ డేవీ బ్రిటిష్ నౌకల రాగిరేకులను ఇనుము, యశదపు ముక్కలతో రక్షించవచ్చునని చూపించాడు. రాగి కరగుట ఆగింది గాని, ఆ కరగిన రాగియే విషమై సముద్రపు గుల్లలను ఇంతకుముందు దూరంగా ఉంచేది. రాగి భద్రమైనంతనే గుల్లలు అంటుకొనసాగాయి!

కొనేవాడు గమనించవలసిన గుర్తులు ఇవి. బలిలోహం సగం కరిగి ఉంటే మార్చవలెను. ఏడాది నీటిలో ఉన్నా చెక్కుచెదరకుండా ఉంటే సంతోషింపరాదు. దానికి రంగు పూసియుండవచ్చు, లేదా కాలుతో విద్యుత్ సంబంధం తెగియుండవచ్చు. కాలుమీద తెల్లని పొడి, గుంటలు, ఉబ్బిన రంగు కనిపిస్తే లోహం తినివేయబడుతున్నదన్నమాట. రాగి కలిసిన రంగును కాలుకు పూయుట పెద్ద తప్పు. కాలులోని నూనెను కొంచెం తీసి చూడవలెను. అది పాలవలె ఉంటే నీరు చేరినట్లే, సీలు అరిగినది.

తరువాత పడవ దేహం. దానిని నీటినుండి పైకి తీసిన తరువాతనే పరీక్షించవలెను. ఫైబర్‌గ్లాసు దేహంపై చిన్న సుత్తితో తట్టుతూ పోతే గట్టిచోట గణగణమనే శబ్దం, పొరలు విడినచోట బొంగురు శబ్దం వస్తుంది. కుండను తట్టి కొనే గృహిణికి ఈ విద్య తెలిసినదే. బొబ్బలను గ్రుచ్చినప్పుడు పుల్లని వాసనగల ద్రవం వస్తే నీరు లోపలికి ఇంకి, ద్రవాభిసరణ పీడనంతో పొరను ఉబ్బించినదని అర్థం. తెరచాప కొయ్యను నిలబెట్టే ఉక్కుతీగలలో ఒక్క పోగు తెగి ఉన్నా ఆ తీగను మార్చవలెను.

చివరగా ఇంజను. అది చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించవలెను. ముందుగానే వేడిచేసి ఉంచితే దాని జబ్బు దాగవచ్చు. విడువని నల్లపొగ అధికభారానికి, నీలిపొగ నూనె మండుటకు గుర్తులు. పొగగొట్టం నుండి చల్లార్చిన నీరు ధారగా పడుతున్నదీ లేనిదీ చూడవలెను. ఆ తరువాత సముద్రంలో పూర్తివేగంతో కొంతసేపు నడిపించి, ఇంజనుగది తెరచి రబ్బరుపొర చుట్టూ తడి ఉన్నదేమో తాకి చూడవలెను.

ఈ పరీక్షలను అమ్మేవానితో సంబంధం లేని అనుభవజ్ఞుడైన పరీక్షకునిచేత చేయించుట మంచిది. తేలిన ప్రతి లోపానికి మరమ్మతు ఖర్చును వ్రాసి, అడిగిన ధరకు కలుపుకొన్నప్పుడే పడవ అసలు వెల తెలుస్తుంది. ఆ మొత్తం చేతిలోని సొమ్మును మించినచో, పడవ ఎంత అందంగా ఉన్నా దానిని ఒడ్డుననే వదలి రావలెను.