చాళ్ల పునర్నిర్మాణం: సలహాదారుతో ఒప్పందం ఎట్లుండాలి?

ముంబయిలో గ్రాంట్ రోడ్ స్టేషనుకు తూర్పున ఉన్న కామాఠీపురాకు ఆ పేరు తెలుగు నేల నుంచి వలస వెళ్లిన కామాఠీల వల్ల వచ్చింది. కట్టడపు పనులతో నగరాన్ని నిలబెట్టిన వారి చాళ్లే నేడు శిథిలమయ్యాయి. సుమారు 34 ఎకరాల ఈ ప్రాంతాన్ని ఒకే సముదాయంగా పునర్నిర్మించుటకు మహారాష్ట్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ ‘మ్హాడా’ 2025లో టెండర్లు పిలిచింది. అద్దెదారు కుటుంబానికి 500 చదరపు అడుగుల ఇల్లు ఇవ్వాలన్నది ప్రతిపాదన.

ఇటువంటి పనులలో పునాది తవ్వుటకు ముందే సలహాదారులు వస్తారు. గదుల కొలతలు, గోడల పటుత్వం, అద్దెదారుల జాబితా, నక్షా వారి చేతి పనులే. కనుక వారితో చేసుకొనే ఒప్పందం ఇంటి హక్కునే తాకుతుంది.

మొత్తం పనికి ఒకే ధర కట్టే గంపగుత్త పద్ధతి చూచుటకు సులభం. అయితే పాత చాలులో పని ఎంతో ముందుగా ఎవరికి తెలుసు? గచ్చు ఊడదీస్తే గాని దూలం పుచ్చినదీ లేనిదీ బయటపడదు. ఒకే గదికి అన్నదమ్ములు ముగ్గురు హక్కుదారులు కావచ్చు. గుత్తకు ఒప్పుకొన్నవాడు ఎంత త్వరగా ముగిస్తే అంత లాభం. దసరాకు ఊరికి వెళ్లిన కుటుంబం తలుపుకు తాళం చూచి, మరల రాకుండానే కాగితం ముగించే ప్రమాదం ఉంది. రోజుల లెక్కన చెల్లిస్తే ఓపికగా తిరుగుతాడు, కాని బిల్లుకు అంతు ఉండదు. నిర్మాణ వ్యయంలో శాతం ఇచ్చే మూడో పద్ధతి మరీ చిత్రమైనది: ఖర్చు పెరిగిన కొద్దీ సలహాదారుకు ఆదాయం!

అందువల్ల దశలవారీ ఒప్పందమే మేలు. సర్వేకు రోజుల లెక్కన చెల్లిస్తూ గరిష్ఠ పరిమితి విధించాలి. పని పరిమాణం తేలిన తరువాత నక్షాలకు గుత్త, నిర్మాణం మొదలైతేనే పర్యవేక్షణకు నెలసరి రుసుము. అదనపు పనికి ధర ముందే వ్రాసుకోవాలి. ప్రతి దశ చివర ఆపివేసే స్వేచ్ఛ ఉండాలి. ఆపినా కొలతలు, నక్షాలు డబ్బిచ్చినవారికే చెందాలి.

సహకార గృహసంఘాలు బిల్డరు కంటె ముందే తమ సలహాదారును తామే నియమించుకోవాలని మహారాష్ట్ర ప్రభుత్వం 2009లో ఆదేశించి, 2019లో ఆ నిబంధనలను సవరించింది. కామాఠీపురాలో నడిపించేది మ్హాడా కనుక అద్దెదారుల చేతిలో ఆ ఒప్పందం లేదు. వారు చేయగలిగినది జాబితాలో తమ పేరు, గది కొలత సరిచూచి, తప్పుంటే వ్రాతపూర్వకంగా అభ్యంతరం తెలుపుట. తాత పగడీ ఇచ్చి తీసుకొన్న గదికి రసీదు ఊరిలోని ట్రంకు పెట్టెలో ఉండవచ్చు. అది దొరికితే ముంబయిలోని బంధువులకు నకలు పంపి, అసలును భద్రపరచాలి.