లెక్కలంటే భయమెందుకు?



వాడరేవు ఒడ్డుకు పడవలు చేరగానే చేపల వేలము మొదలవుతుంది. గంప ఇంతకు పాడితే చీరాలలో ఎంతకు అమ్మాలి, ఐసుకు ఎంత, ఆటోకు ఎంత, చేతికి మిగిలేది ఎంత? కాగితము, కలము లేకుండానే మన అక్కచెల్లెళ్లు ఈ లెక్క తేల్చేస్తారు. సాయంత్రము అదే ఇంట్లో పిల్లవాడు లెక్కల పుస్తకము తెరచి కన్నీళ్లు పెట్టుకుంటాడు. "వీడికి లెక్కల బుర్ర లేదండీ" అని తల్లిదండ్రులు చెప్పడము మేము ఎన్నో ఇళ్లలో విన్నాము. ఆ మాట ఎంతవరకు నిజమో కొంచెము ఆలోచించుదాము.

లెక్క చేస్తున్న మనిషి మెదడును ఎం.ఆర్.ఐ. యంత్రముతో పరిశీలిస్తే, పని ఎక్కువగా జరిగే చోటికి రక్తప్రవాహము పెరగడము తెలుస్తుంది. లెక్కల విషయములో ముఖ్యమైనవి రెండు చోట్లు. ఒకటి, తల పైభాగములో వెనుకవైపున ఇరుపక్కలా ఉండే పెరైటల్ లోబ్. ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్నది గ్రహించడములో దీనికి పెద్ద పాత్ర ఉన్నది. రెండవది నుదుటి వెనుకనున్న భాగము. 47లో నుండి 19 తీసివేసేటప్పుడు, అప్పు తెచ్చిన పదిని మరచిపోకుండా పట్టి ఉంచేది ఇదే. ఎక్కాలు కంఠస్థమైన కొద్దీ జ్ఞాపకము ఆ పని అందుకుంటుంది, నుదుటి వెనుక భాగమునకు శ్రమ తగ్గుతుంది. మన పెద్దలు ఎక్కాలు వల్లె వేయించడము వృథా కాలేదు.

మెదడు లోపల బాదంపప్పు ఆకారములో మరొక చిన్న భాగమున్నది. దాని పేరు అమిగ్డలా. పాము కనబడితే మనలను హెచ్చరించే భాగమిది. 2012లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 7 నుండి 9 ఏళ్ల పిల్లలను పరీక్షించారు. లెక్కలంటే హడలిపోయే పిల్లలు లెక్క చేస్తుండగా ఈ అమిగ్డలా ఎంతో చురుకుగా కనిపించింది. లెక్క చేయవలసిన ఆ రెండు భాగాలలో చురుకు తగ్గింది. ఆ పిల్లలకు బుర్ర ఉన్నది, దానిలో భయము వచ్చి కూర్చున్నది.

ఆ భయము పోతుందా? 2015లో అక్కడి పరిశోధకులే 3వ తరగతి పిల్లలకు 8 వారాలపాటు, ఒక్కొక్కరికి విడిగా, ప్రక్కన కూర్చొని లెక్కలు నేర్పించారు. భయస్థులైన పిల్లలకు భయము తగ్గింది. అమిగ్డలా అలజడి కూడ తగ్గింది.

ప్రక్కన ఒకరుంటే ఎంత మేలో మన తెలుగునాట కూడ చూస్తాము. 1907లో ప్రొద్దుటూరు దగ్గర కల్లూరులో జన్మించిన లక్కోజు సంజీవరాయశర్మ గారికి పుట్టుకతోనే చూపు లేదు. సోదరి బడి పాఠాలు ఇంట్లో బిగ్గరగా చదువుతుంటే విని నేర్చుకున్నారు. అనంతరము ఎన్నో సభలలో గణితావధానము చేశారు. ఎవరైనా పుట్టిన తేదీ చెబితే అది ఏ వారమో వెంటనే చెప్పేవారు. 1997లో కన్నుమూశారు. పుట్టుకతో చూపులేనివారు లెక్క చేసేటప్పుడు, మామూలుగా చూపుకు ఉపయోగపడే మెదడు భాగము కూడ పనిచేస్తుందనీ, లెక్క కష్టమైన కొద్దీ ఇంకా ఎక్కువగా పనిచేస్తుందనీ 2016లో అమెరికా పరిశోధకులు తెలిపారు. మెదడు అంతగా నేర్చుకోగలదు.

గనుక తల్లిదండ్రులారా, రోజుకు ఒక అరగంట పిల్లల ప్రక్కన కూర్చోండి. "నాకే రాలేదు, నీకెక్కడ వస్తాయి" అనకండి. తప్పు చేస్తే మొట్టికాయ వేయకండి, ఎక్కడ తప్పిందో కలిసి వెదకండి. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు. "గంప 600కు పాడి 750కి అమ్మితే, ఆటోకు 40 పోగా మిగిలేది ఎంత?" అని అడగండి. వాడు 110 అని నోటితో చెబితే, అదే లెక్కను పలక మీద వ్రాయించండి. నోటిలెక్క వచ్చిన పిల్లలు కూడ బడి పద్ధతిలో వ్రాయమంటే తడబడతారని కలకత్తా, ఢిల్లీ బజారులలో అమ్మకాలు చేసే పిల్లల మీద జరిగిన పరిశోధన 2025లో తెలిపింది. ఒడ్డున వచ్చే లెక్కను పలక మీదికి తీసుకురావడానికి ప్రక్కన ఒక మనిషి కావాలి. ఆ మనిషి మీరే కావచ్చును.