చెన్నై దోమకూ ఒక జన్యు చిట్టా

మన చెన్నైలో మలేరియాను వ్యాపింపజేసే దోమ పేరు అనాఫిలిస్ స్టీఫెన్సై. మురుగు కాలువ దీనికి అంతగా నచ్చదు. మేడమీది నీళ్ల ట్యాంకు, ఇంటి బావి వంటి చోట్ల నిలిచిన మంచినీటిలో గుడ్లు పెడుతుంది. ట్యాంకుకు మూత ఉందా అని కార్పొరేషన్ వారు అడిగేది ఇందుకే. 2012లో ఆఫ్రికాలోని జిబూటీలో ఇది కనిపించింది. పల్లెల్లో ఎక్కువగా ఉండే మలేరియా ఇక అక్కడి నగరాలకూ పాకుతుందన్న భయంతో ప్రపంచమంతా మన దోమ మీద దృష్టి పెట్టింది.

సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని మైక్రోస్కోపుతో చూశారు. ఈనాటి శాస్త్రవేత్తలు దోమను అక్షరాలుగా చదువుతున్నారు. ప్రతి ప్రాణి కణాలలోనూ ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలతో రాసిన వంశపారంపర్య సమాచారం ఉంటుంది. దీన్నే జీనోమ్ అంటారు. మనిషిది సుమారు 300 కోట్ల అక్షరాలు, స్టీఫెన్సైది సుమారు 24 కోట్లు. 2016లో ప్రచురించిన అమెరికా పిడుదు జీనోమ్ 200 కోట్లు దాటింది. దేహం చిన్నదైతే చిట్టా చిన్నదని అనుకోకూడదు.

స్టీఫెన్సై జీనోమ్ 2014లో మొదట వచ్చినప్పుడు, పేజీలు విడిపోయిన లెడ్జరులాగా ముక్కలుగా ఉండేది. 2022లో బెంగళూరు శాస్త్రవేత్తలు చెన్నై రకం దోమ జీనోమ్‌ను క్రోమోజోముల వరుసలో ప్రచురించారు. దానికి ఇండ్‌సీహెచ్ అని పేరు. సీహెచ్ అంటే మన చెన్నైయే.

ఇలాంటి జీనోమ్‌లను ఒకచోట చేర్చడానికి 2004లో వెక్టర్‌బేస్ అనే ఆన్‌లైన్ భాండాగారం మొదలైంది. లెక్కల పుస్తకంలోని వెక్టర్ కాదిది, రోగాన్ని మోసే జీవి అని అర్థం. దోమలు, పిడుదులు, ఇసుక ఈగల వంటివి ఇందులో ఉన్నాయి.

దీనివల్ల ప్రయోజనం ఏమిటంటే, డీడీటీ, దోమల మ్యాట్లలోని మందు రెండూ దోమ నరాలలోని ఒకే మార్గం మీద పనిచేస్తాయి. దానిని తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం మారితే చాలు, మందు పట్టు సడలిపోవచ్చు. బ్యాంకులో చెక్కు మీది సంతకాన్ని నమూనా సంతకంతో పోల్చినట్టు, పట్టిన దోమ జన్యువును భాండాగారంలోని నమూనాతో పోలుస్తారు. తేడా కనిపిస్తే, ఆ వార్డులో చల్లే మందు మార్చాలా అని ముందే ఆలోచించవచ్చు. లేకపోతే పనిచేయని మందుకు డబ్బు పోస్తూ ఉంటాం, జ్వరాలు మాత్రం తగ్గవు.

అయితే, ఉచితంగా చూడగలిగినంత మాత్రాన ఖర్చు లేదని కాదు. లెడ్జరుకు రోజూ పోస్టింగు వేసే మనిషి కావాలి గదా! వెక్టర్‌బేస్ 2019లో పరాన్నజీవుల భాండాగారంతో కలిసింది. దానిని పోషించిన అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టు 2024లో ముగిసింది. ప్రపంచమంతా వాడుకునే చిట్టా ఒకే దేశపు బడ్జెట్ మీద నిలవడం నాకైతే భద్రమైన ఏర్పాటుగా తోచదు. అమెరికాలోని ఎన్‌సీబీఐ జీన్‌బ్యాంకులో కూడా ఈ అక్షరాలను ఎవరైనా రుసుము లేకుండా చూడవచ్చు.

ప్లస్‌టూ, డిగ్రీ పిల్లలు అక్కడ అనాఫిలిస్ స్టీఫెన్సై అని టైపు చేసి చూడండి. ఒక జన్యువును తీసుకుని, బ్లాస్ట్ అనే ఉచిత పరికరంలో పెడితే, అలాంటిది ఇంకే జీవిలో ఉందో చూపిస్తుంది. ప్రయోగశాల అక్కరలేదు, ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరు చాలు. మొదటిరోజు ఏమీ అర్థం కాదు, ఫరవాలేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. మెడికల్ సీటు రాలేదని జీవశాస్త్రం వదిలేయమనకండి. ఐసీఎంఆర్ వారు 1975లో పుదుచ్చేరిలో నెలకొల్పిన వీసీఆర్‌సీలో పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీ ఎమ్మెస్సీ ఉంది. పాండిచ్చేరి విశ్వవిద్యాలయం పట్టా ఇస్తుంది. అర్హతలు, గడువు తేదీలు ఆ యేటి ప్రకటనలో చూసుకోవాలి.