14 వేల పనులకు 52 వేల మంది

మీ ఆఫీసుల్లో హెచ్ఆర్ వాళ్ళు ‘అట్రిషన్’ అంటూ ఉంటారు కదర్రా, నూటికి ఎంతమంది ఏడాదిలో మానేశారో చెప్పే లెక్క. అది ఇరవై దాటితేనే పెద్ద కంపెనీలు కంగారుపడతాయి. మరి 370 అయితే? వందమంది ఉండాల్సిన చోట ఏడాది తిరిగేసరికి 370 మంది వచ్చి వెళ్ళిపోవడమన్నమాట. 1913లో అమెరికాలో, హెన్రీ ఫోర్డు కార్ల ఫ్యాక్టరీలో అచ్చంగా అదే జరిగింది.

మిషిగన్ రాష్ట్రంలో హైలాండ్ పార్క్ అనే ఊరు. ఆ ఏడాదే అక్కడ కదిలే అసెంబ్లీ లైను పెట్టారు. కారు చట్రం బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టేది కాస్తా కొద్ది నెలల్లోనే గంటన్నరకు దిగింది. కానీ లైను ముందు నిలబడ్డవాడి సంగతి చూడండి. అదే నట్టు, అదే బిగింపు, పొద్దస్తమానం. విసుగెత్తి చెప్పాపెట్టకుండా మానేసేవారు. 14 వేల మందిని నిలుపుకోవడానికి ఆ ఏడాది 52 వేల మందిని చేర్చుకోవాల్సి వచ్చింది. చిల్లుబిందెలో నీళ్ళు పోసినట్టే!

1914 జనవరిలో ఫోర్డు రోజుకూలి 5 డాలర్లని ప్రకటించాడు. అంతకుముందు రెండున్నర కూడా లేదు. పని కూడా తొమ్మిది గంటల నుంచి ఎనిమిదికి తగ్గించాడు. 370 ఉన్న లెక్క ఆ ఏడాదే 54కు, మరుసటి ఏడాది 16కు పడిపోయింది. డబ్బుకు అంత బలముంది, దాన్ని తీసిపారేయకూడదు. అయితే ఆ 5 డాలర్లలో దాదాపు సగం బోనసు. అది రావాలంటే కంపెనీ మనుషులు ఇంటికొచ్చి తాగుతున్నావా, పొదుపు చేస్తున్నావా అని ఆరా తీసేవారు. అది మాత్రం నాకు గిట్టదు. జీతమిచ్చినంత మాత్రాన వంటింట్లోకి తొంగిచూసే హక్కు రాదు.

ఇక అసలు కథ షికాగో పక్కన సిసెరోలో. వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి అక్కడ హాథోర్న్ అనే పెద్ద ఫ్యాక్టరీ ఉండేది, టెలిఫోను సామాను చేసేవారు. 1924లో, వెలుగు పెంచితే పని పెరుగుతుందా అని పరీక్షలు మొదలుపెట్టారు. తర్వాత 1927లో ఐదుగురు ఆడపిల్లల్ని విడిగా ఒక గదిలో కూర్చోబెట్టి రిలేలనే టెలిఫోను భాగాలు బిగించమన్నారు. మధ్యలో విశ్రాంతి ఇచ్చారు, తినడానికి పెట్టారు, పనిగంటలు తగ్గించారు. పని పెరిగింది. అవన్నీ తీసేసినా పాత స్థాయికి పడిపోలేదు! చూశారా, మనిషిని పట్టించుకుంటే చాలు అని ప్రపంచమంతా చెప్పుకుంది.

ఇక్కడ కాస్త ఆగండర్రా. సైన్సు చదివినవాళ్ళు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ గదిలో మారినది పట్టింపు ఒక్కటేనా? కూలి ఆ ఐదుగురి పనిని బట్టే కట్టారు. కబుర్లాడుతున్నారని ఇద్దర్ని మధ్యలో మార్చేశారు కూడా. ఇన్ని కలగాపులగంగా మారితే ఏది దేనివల్ల జరిగిందో ఎలా తేలుతుంది? వెలుగు పరీక్షల పాత అంకెలు దొరికితే లెవిట్, లిస్ట్ అనే ఆర్థికవేత్తలు మళ్ళీ లెక్కవేసి 2011లో అచ్చువేశారు. చెప్పుకున్నంత వింత వాటిలో కనబడలేదు.

నాకు నచ్చింది ఆ గది కాదు, అదే ఫ్యాక్టరీలో 1928లో పనివాళ్ళతో మొదలైన ఇంటర్వ్యూలు. ముందు ప్రశ్నల జాబితా పట్టుకుని వెళ్ళారు. జనం ఆ ప్రశ్నలు వదిలేసి తమకు తోచింది చెప్పుకోసాగారు. అప్పుడు జాబితా పక్కనపెట్టి, ఊరికే వినడం నేర్చుకున్నారు. అలా 20 వేల మందికి పైగా మాట విన్నారు.

1990లో విలియం కాన్ అనే అమెరికన్ ఆచార్యుడు, మనిషి పనిలో మనసు ఎప్పుడు పెడతాడని పరిశీలించి మూడు సంగతులు చెప్పాడు: పనికి అర్థం కనబడాలి, ఒంట్లో మనసులో ఓపిక మిగలాలి, ఉన్నమాట చెబితే తనకు చేటు రాదన్న ధైర్యముండాలి. ఈ మూడోది లేనిచోట ఎన్ని సర్వేలు పెట్టినా వచ్చేవి మెప్పు జవాబులే. మానేసి వెళ్ళేవాణ్ణి ఎగ్జిట్ ఇంటర్వ్యూలో అడిగే మాటల్ని, వాడింకా మీ పక్క సీట్లో ఉన్నప్పుడే అడగండి నాన్నా. మీలో ఇద్దరు టీమ్ లీడులయ్యారు కూడా.