బొమ్మలతో రాసిన పుస్తకం – చేర్యాల పటం

అక్షరం రాని కాలంలో ఊళ్ళల్లో పురాణాలు ఎట్లా తెలిసేవి? పటం చూసి, కథ విని తెలుసుకునేవాళ్ళు. పటం అంటే బొమ్మలు వేసిన పొడుగాటి బట్ట. చదువు రానివాళ్ళకు అదే పుస్తకం. ఆ పటాలు పుట్టిన ఊళ్ళల్లో పేరున్నది చేర్యాల.

చేర్యాల ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది. 2016లో సిద్దిపేట జిల్లాలో కలిసింది. భూపాలపల్లి నుంచి హనుమకొండ, జనగామ మీదుగా పోవచ్చు. అక్కడ బొమ్మలు వేసేవాళ్ళను నకాశీలు అంటారు. వాళ్ళ ఇల్లే పని చేసే చోటు. అదే బొమ్మల కొలువు. గోడలకు పటాలు, మాస్కులు వేలాడుతుంటాయి.

పటం ఎట్లా తయారవుతుంది?

ముందు ఖద్దరు బట్ట తీసుకుంటారు. బియ్యం గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, తుమ్మజిగురు కలిపి బట్టకు పూస్తారు. ఆరినాక మళ్ళీ పూస్తారు. అప్పుడు బట్ట గట్టిపడుతుంది, రంగు పీల్చదు. చింతగింజలు నానబెట్టడం, రుబ్బడం, ఉడకబెట్టడం – ఇది మన వంటింటి పని లాంటిదే. ఈ పనుల్లో, రంగులు నింపడంలో ఆ ఇళ్ళ ఆడవాళ్ళ చెయ్యి కూడా ఉంటుంది.

తర్వాత సన్నని కుంచెతో బొమ్మ గీస్తారు. వెనక అంతా ఎర్రరంగు వేస్తారు. చేర్యాల బొమ్మకు ఆ ఎరుపే గుర్తు.

కొబ్బరి చిప్ప మీద చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద అద్ది మాస్కులు చేస్తారు. తేలికైన పొణికి కర్రతో బొమ్మలు చేస్తారు.

పటాన్ని ఎట్లా చదవాలి?

పాత పటం దాదాపు మూడడుగుల వెడల్పు, ముప్పై అడుగులకు పైగా పొడుగు ఉండేది. పువ్వుల అంచులతో గళ్ళుగా విడదీసి, ఒక్కో గడిలో ఒక్కో ఘట్టం వేసేవాళ్ళు. కథ చెప్పేవాళ్ళు ఒక్కో గడి విప్పుతూ రాత్రంతా పాడేవాళ్ళు. ఒక్కో కులానికి ఒక్కో పురాణం. పద్మశాలీలకు కూనపులివాళ్ళు మార్కండేయ పురాణం చెప్పేవాళ్ళు. మాదిగలకు డక్కలివాళ్ళు జాంబపురాణం చెప్పేవాళ్ళు. గౌడులకు గౌడజెట్టివాళ్ళు ఉండేవాళ్ళు. పెద్దలు రాయించని చరిత్రను శ్రమ చేసే కులాలు ఇట్లా దాచుకున్నాయి.

పటం పాతబడితే పూజ చేసి నీళ్ళల్లో కలిపి, కొత్తది రాయించేవాళ్ళు. అందుకే చాలా పాత పటాలు కొన్నే మిగిలాయి. కొన్నింటిని హైదరాబాదులోని జగదీశ్, కమల మిత్తల్ మ్యూజియం కాపాడింది.

ఇప్పుడు ఏమైంది?

సినిమాలు, టీవీలు వచ్చినాక పటం కథ వినేవాళ్ళు తగ్గారు. కథ చెప్పేవాళ్ళు తగ్గితే పటం రాయించేవాళ్ళూ తగ్గారు. నకాశీల్లో చాలామంది వేరే పనులకు పోయారు. కొన్ని కుటుంబాలే నిలబడ్డాయి. ఈ కుటుంబాలకు చెందిన డి. వైకుంఠం జాతీయ అవార్డు అందుకున్నారు. చేర్యాల బొమ్మకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే, వేరేచోట చేసినదాన్ని ఆ పేరుతో అమ్మకూడదు.

ఇప్పుడు గోడకు పెట్టే చిన్న బొమ్మలు అమ్ముడుపోతున్నాయి. వాళ్ళ ఇల్లు గడుస్తుంది. కానీ ఒక్క గడి అమ్మితే కథంతా వచ్చినట్టా? బొమ్మ మిగిలినా, పాట పోతే సగం పుస్తకం చిరిగినట్టే.

ఆలోచించండి:
మీ ఊళ్ళో పటం కథ విన్న పెద్దవాళ్ళు ఎవరున్నారు? వాళ్ళను అడగండి. వాళ్ళు చెప్పిన కథను మీ నోటు పుస్తకంలో, మీ చేత్తో రాయండి.