ఇసుక మీద పాత కార్ల పందెం

గత సంవత్సరం మన హాస్టల్ విహారయాత్రలో బాపట్ల దగ్గరి సూర్యలంకకు వచ్చిన మిత్రులందరికీ వ్యాను దిగబడిన సంగతి గుర్తుండే ఉంటుంది. నీళ్లకు దగ్గరగా ఆపుదామని డ్రైవరన్నను తొందరపెట్టింది మేమే. పొడి ఇసుకలోకి దిగీ దిగగానే వెనుక చక్రాలు గిర్రున తిరిగి సగం వరకు కూరుకుపోయాయి. ఇరవై మందిమి తోసినా వ్యాను కదల్లేదు. అప్పుడు వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన వచ్చి, "ఆ మెత్తటి ఇసుకలో ఎంత తోసినా ఇంతే నాయనా. చక్రాల్లో కాస్త గాలి తీయండి. కింద నీళ్లు పోయండి. మెల్లగా ఆ తడి నేల మీదికి తోలండి" అన్నాడు. ఆయన చెప్పినట్లు చేస్తే అరగంటలో వ్యాను బయటపడింది. తడి ఇసుక మీదికి రాగానే తారు రోడ్డు ఎక్కినట్లు పరుగెత్తింది.

తర్వాత కొన్నాళ్లకు గ్రంథాలయంలో ఒక ఫోటో మా కంటపడింది. ఎనభై తొంభై ఏళ్లనాటి కార్లు రెండు, పక్కపక్కనే, సముద్రపు ఒడ్డున ఇసుక ఎగజిమ్ముతూ పందెంలో పరుగెడుతున్నాయి. ఆ రాత్రి స్టడీ అవర్‌లో పెద్ద వాదన జరిగింది. మన కొత్త వ్యాను దిగబడిన చోట ఆ ముసలి కార్లు ఎలా పరుగెత్తాయని కొందరు, అది సినిమా ట్రిక్కని కొందరు. ట్రిక్కు కాదని తెలిశాక మేము చదివి, సార్లను అడిగి తెలుసుకున్న విషయాలు ఇక్కడ రాస్తున్నాము.

ఆ పందెం జరిగేది డెన్మార్క్ దేశంలో. ఆ దేశపు పడమటి తీరాన ఉత్తర సముద్రంలో రోమో అనే చిన్న దీవి ఉంది. ప్రధాన భూభాగం నుంచి దానికి సముద్రం మీదుగా కట్టిన గట్టు రోడ్డు ఉంది. దీవికి పడమటి వైపున లాకోల్క్ అనే విశాలమైన ఇసుకతీరం ఉంది. అక్కడ 2016లో మోటారు ఉత్సవం మొదలైంది. సాధారణంగా సెప్టెంబరు మొదట్లో జరుపుతారు. కొత్త బండ్లకు ప్రవేశం లేదు. రెండవ ప్రపంచ యుద్ధం నాటివి, అంతకుముందువి అయిన పాత కార్లు, పాత మోటారు సైకిళ్లు మాత్రమే రావాలి. జెండా ఊపగానే రెండేసి బండ్లు బయలుదేరతాయి. పందెం దూరం మైలులో ఎనిమిదో వంతు, అంటే సుమారు 200 మీటర్లు. మన స్పోర్ట్స్ డే నాడు పరుగు పందెం పెట్టే దూరం అంతే! ఇంత చిన్న పందెం కోసం అన్ని బండ్లను అంత దూరం తీసుకురావాలా అని మాలో కొందరు నవ్వారు. ఆ దూరాన్ని చిన్నచూపు చూడకూడదని తర్వాత తెలిసింది.

ముందు ఇసుక సంగతి చూద్దాం. పొడి ఇసుకలో రేణువుకు రేణువుకు మధ్య పట్టు ఉండదు. బరువు పడగానే పక్కకు జారిపోతాయి. అదే ఇసుక కొద్దిగా తడిగా ఉంటే రేణువుల సందుల్లో సన్నని నీటి పొర ఏర్పడుతుంది. మన భౌతికశాస్త్ర పాఠంలో చదువుకున్న తలతన్యత వల్ల ఆ పొర రేణువులను ఒకదానికొకటి లాగి పట్టుకుంటుంది. చిన్నప్పుడు మనం పిచ్చుక గూళ్లు కట్టింది తడి ఇసుకతోనే కదా! అయితే నీళ్లు మరీ ఎక్కువై సందులన్నీ నిండిపోతే ఆ పట్టు పోయి ఇసుక మళ్లీ మెత్తబడుతుంది. కాబట్టి కెరటం వచ్చిపోయిన తర్వాత, పూర్తిగా ఆరిపోకముందు ఉండే నేల గట్టి నేల. ఈసారి సముద్రానికి వెళ్లినప్పుడు ఆ నేల మీద అడుగు వేసి చూడండి. పాదం చుట్టూ ఇసుక ఒక్క క్షణం ఆరిపోయినట్లు తెల్లబడుతుంది. దగ్గరగా సర్దుకున్న రేణువులు ఒత్తిడికి కదిలి ఎడమవుతాయి. ఆ ఖాళీల్లోకి పైనున్న నీరు దిగిపోతుంది. ఈ గుణాన్ని 1885లో ఆస్బర్న్ రేనాల్డ్స్ అనే శాస్త్రవేత్త వివరించాడు. పుస్తకం పేరు వినకపోయినా సూర్యలంక పెద్దాయనకు ఏ ఇసుక మీద బండి నిలుస్తుందో తెలుసు.

పైగా సముద్రం ఈ రోడ్డును తానే బాగుచేస్తుంది. ఆటుపోట్లు సుమారు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలకు ఒకసారి తిరిగి వస్తాయి. పోటు వచ్చి చక్రాల గాళ్లను చెరిపేస్తుంది, ఆటుకు నేల చదునై బయటపడుతుంది. ఖర్చులేని రోడ్డు రోలరు అన్నమాట. కాని ఈ రోలరు మన మాట వినదు. ఒక్కోసారి ఇసుకను చదును చేయడానికి బదులు అలలు అలలుగా మడతలు పెట్టి పోతుంది.

మోటారు కార్లు కొత్తగా వచ్చిన రోజుల్లో రోడ్లన్నీ గుర్రపు బండ్ల రోడ్లే. దుమ్ము, బురద, గుంతలు. బ్రిటన్‌లో 1903 నాటి చట్టం రోడ్డు మీద గంటకు 20 మైళ్లు, అంటే 32 కిలోమీటర్లు దాటకూడదంది. తమ కారు ఎంత వేగం పోగలదో చూసుకోవాలనుకునేవారికి సముద్రతీరమే దిక్కయింది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఆర్మండ్, డేటోనా తీరాలలో 1903 నుంచే పోటీలు జరిగాయి. అక్కడ 1906లో ఫ్రెడ్ మారియట్ అనే ఆయన గంటకు 205 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. అది పెట్రోలు కారు కాదు, ఆవిరి కారు! మరుసటి సంవత్సరం అదే తీరంలో ఇసుక గతుకు మీద ఆయన కారు గాలిలోకి లేచి ముక్కలైపోయింది. ఆయన ప్రాణాలతో బయటపడ్డాడు.

అందరికీ అంత అదృష్టం దక్కలేదు. రోమోకు కొంచెం ఉత్తరాన ఫానో అనే మరో దీవి ఉంది. 1919 నుంచి 1924 వరకు అక్కడి ఇసుక మీద పందాలు జరిగాయి. ఇప్పటి రోమో ఉత్సవానికి ప్రేరణ ఆ పందాలే. 1923లో బ్రిటన్ నుంచి మాల్కం క్యాంప్‌బెల్ అక్కడికి వచ్చి గంటకు 220 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో నడిపాడు. కాని కాలం కొలిచిన పరికరాలకు ఆమోదం లేదని రికార్డు ఇవ్వలేదు. పట్టుదలతో 1924లో మళ్లీ వచ్చాడు. ఈసారి వేగంగా పోతున్న కారు టైరు ఊడిపోయి, చూడడానికి వచ్చిన జనంలోకి దూసుకుపోయింది. ఒక బాలుడు చనిపోయాడు. దాంతో ఫానో పందాలు ఆగిపోయాయి. చరిత్ర పుస్తకాలలో క్యాంప్‌బెల్ రికార్డులకు పేజీలున్నాయి, ఆ బాలుడికి ఒక్క వాక్యమే ఉంది. పందెం చూడాలని ముందు వరుసలో నిలబడేది ఎప్పుడూ మన వయసు పిల్లలే కదా అని మాకు అనిపించింది.

క్యాంప్‌బెల్ అదే సంవత్సరం సెప్టెంబరులో బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో పెండైన్ అనే ఏడు మైళ్ల తీరానికి మారాడు. అక్కడ గంటకు 235 కిలోమీటర్ల వేగంతో ప్రపంచ రికార్డు సాధించాడు. ఆయనకు గట్టి పోటీ ఇచ్చినవాడు పారీ థామస్. థామస్ ధనవంతుడు కాడు, ఇంజనీరు. ఇటలీలో జరిగిన ఒక పందెంలో మరణించిన జమీందారు కారును 125 పౌన్లకు కొని, తన చేతులతో మార్పులు చేసి, దానికి 'బాబ్స్' అని ముద్దుపేరు పెట్టుకున్నాడు. అందులోనిది మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమానం ఇంజను. సామర్థ్యం 27 లీటర్లు. అంటే మన రోడ్ల మీద తిరిగే 100 సీసీ మోటారు సైకిళ్ల ఇంజన్లు 270 కలిపితే ఎంతో అంత. 1926 ఏప్రిల్‌లో ఆ కారుతో గంటకు 275 కిలోమీటర్లు అందుకున్నాడు.

1927 ఫిబ్రవరిలో క్యాంప్‌బెల్ అదే ఇసుక మీద 281 చేశాడు. మార్చి 3న థామస్ తిరిగి ప్రయత్నించాడు. పరుగు మధ్యలో బాబ్స్ అదుపు తప్పి పల్టీలు కొట్టింది. థామస్ అక్కడికక్కడే మరణించాడు. ఇంజను నుంచి వెనుక చక్రాలకు శక్తినిచ్చే చైను తెగి ఆయనకు తగిలిందని అప్పట్లో అందరూ నమ్మారు. కారును అక్కడే ఇసుకలో గొయ్యి తీసి పాతిపెట్టారు.

ఇక్కడితో కథ అయిపోయిందనుకున్నాము. కాని 42 సంవత్సరాల తర్వాత, 1969లో, ఓవెన్ విన్ ఓవెన్ అనే ఇంజనీరింగ్ అధ్యాపకుడు అనుమతులు తెచ్చుకుని ఆ కారును తవ్వి తీయించాడు. ఉప్పునీటిలో నాని తుప్పు పట్టిన ఇనుము అది. మంచిగా ఉన్న భాగాన్ని శుభ్రం చేసి, తినిపోయిన భాగాన్ని కొత్తగా చేసి, పదిహేను సంవత్సరాల పాటు పనిచేసి మళ్లీ ఇంజను మోగేలా చేశాడు. కారును పరీక్షించాక, ముందుగా దెబ్బతిన్నది చైను కాదు, వెనుక కుడి చక్రం అయి ఉంటుందనే అభిప్రాయం బలపడింది. నలభై రెండేళ్లు చైను మీద ఉన్న నింద ఒక మెకానిక్ ఓర్పు వల్ల తొలగింది. ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ ట్రేడుకు పోదామనుకుంటున్న మా మిత్రులు ఇద్దరు ఈ భాగాన్ని రెండుసార్లు చదివించుకున్నారు.

థామస్ చనిపోయిన నెలలోనే సీగ్రేవ్ అనే ఆయన డేటోనాలో గంటకు 328 కిలోమీటర్లు పోయాడు. ఆ వేగానికి పెండైన్ చిన్నదైపోయింది. 1935లో క్యాంప్‌బెల్‌కు డేటోనా కూడా చాలలేదు. అదే సంవత్సరం అమెరికాలోనే బాన్విల్ ఉప్పు మైదానానికి వెళ్లి 300 మైళ్లు, అంటే గంటకు 483 కిలోమీటర్లు దాటాడు. రికార్డులు ఇసుకను అలా వదిలిపోయాయి. డేటోనాలో మామూలు కార్ల పందాలు 1958 వరకు తీరం మీద సాగి, తర్వాత కట్టిన ట్రాకుకు మారాయి.

ఇప్పుడు రోమోలో ఆ 200 మీటర్లు ఎందుకో చూడండి. పాత కార్లకు బ్రేకులు బలహీనం. సీటు బెల్టు ఉండదు. టైర్లు సన్నం. ఆ కాలపు ఫోర్డ్ మోడల్ ఎ కారు (1928-31) ఇంజను శక్తి 40 హార్స్ పవర్ మాత్రమే. మోటారు సైకిళ్లలో చాలావాటికి వెనుక స్ప్రింగులు లేవు, కొన్నింటికి గేరు చేత్తో, క్లచ్చి కాలితో వేయాలి. ఇటువంటి బండి 200 మీటర్లలో గుండె ఝల్లుమనేంత వేగం అందుకుంటుంది కాని, పెండైన్‌లో లాగా ప్రాణం తీసే వేగానికి చేరకముందే గీత దాటేస్తుంది. ఆగడానికి ముందు బోలెడంత ఇసుక. తయారీదారులు మరిచిపోయిన విడిభాగాలను ఎవరికివారు వర్క్‌షాపులో చేసుకుని తెచ్చిన బండ్లు కనుక, ఓడినవాడి బండి చుట్టూ కూడా చూడవలసింది చాలా ఉంటుంది.

మన దగ్గర ఇలా పెట్టకూడదా అని ఒక తమ్ముడు అడిగాడు. లాకోల్క్‌లో వాహనాలు ఇసుక మీద తిరగడానికి ఎప్పటినుంచో అనుమతి ఉంది. మన తీరంలో జనవరి నుంచి వేసవి మొదటి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. వాటి మీదుగా చక్రాలు పోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. వలలు ఆరబెట్టుకునేవారి చోటు కూడా అదే. పెట్టాలంటే ఈ రెండూ చూసుకుని పెట్టాలి.

ఇంకొక్క మాట. సూర్యలంక నుంచి తిరిగి వచ్చిన రాత్రి డ్రైవరన్న అన్నం కూడా తినకుండా బోరు దగ్గర వ్యాను ఆపి, కింద పడుకుని, చాసిస్ అంతా మంచినీళ్లతో గంటకు పైగా కడిగాడు. బకెట్లు అందించమంటే మేము విసుక్కున్నాము, రేపు కడగకూడదా అని. ఉప్పు ఇనుమును ఎలా తింటుందో బాబ్స్ కథ చదివాక తెలిసింది. మొన్న ఆయన కనిపిస్తే చెప్పాము. "రోజూ బండి నడిపేవాడికి తెలియదట్రా?" అని నవ్వాడు.